పదహారో లైను

మోట్, నోక్... మీ అక్క కోప్‌కి మూడేళ్ళప్పుడు జరిగిన సంగతి మీకు నేనెప్పుడూ చెప్పలేదు. మీరిద్దరూ ఈ బెర్గెన్‌లోనే పుట్టారు. మీకు ఇక్కడి వాన తెలుసు గానీ అక్కడి వాన తెలియదు.

మన ఇంట్లో కోప్ అని ఒక కప్ప, మోట్ అని ఒక చీమ, నోక్ అని ఒక పిట్ట ఏమిటమ్మా, మా బళ్ళో అందరివీ మనుషుల పేర్లే కదా అని ఎన్నోసార్లు అడిగారు. నవ్వి ఊరుకున్నాను. ఆస్పత్రికి వెళ్తే మీకన్నా ముందు నేను పేర్లు రాసుకునే కిటికీ దగ్గరికి పరిగెత్తి, పిల్లల పేర్లు పైకి పిలవకండి, చెయ్యి ఊపితే చాలు, మేమే వస్తామని ఆ అమ్మాయిని బతిమాలుతుంటే మీకు తల కొట్టేసినట్టుండేది. ఫోనులో పూర్తి పేరు చెప్పొద్దంటే విసుక్కునేవాళ్ళు. మొన్న హాల్లో జరిగినది చూశాక ఇక దాచకూడదనిపించింది. వీధి తలుపు గడియ వేశారా? వేసి వచ్చి చదవండి.

మాది లంఫూన్. ఊరు దాటి, వరిచేలు, లొంగాన్ పళ్ళతోటలు దాటితే ఫ్యాక్టరీల పేట. మా ఫ్యాక్టరీలో చేసేవి కంప్యూటర్లో గుచ్చే టెలిఫోను కార్డులు. మీరు ఏ కంపెనీకైనా ఫోను చేస్తే, దీనికి ఒకటి నొక్కండి, దానికి రెండు నొక్కండి అని ఒక గొంతు చెబుతుంది చూశారూ, ఆ గొంతు కూర్చునే చోటు ఆ కార్డు.

ఆ కార్డుల్ని పరీక్ష చేయటం నా పని. నా పక్క బల్ల బుప్ఫాది. నాకన్నా రెండేళ్ళు చిన్నది, నోరు మాత్రం నాకు నాలుగింతలు. చెప్పులు బయట విడిచి, నీలం గౌను తొడుక్కుని, ఎడమ మణికట్టుకి నల్లపట్టీ బిగించుకుని కూర్చునేవాళ్ళం. పట్టీ నుంచి ఒక తీగ నేలలోకి పోతుంది. మన ఒంట్లో ఉన్న కరెంటు కార్డు మీదికి దూకకుండా భూమిలోకి దిగిపోవాలని. గదంతా చల్లగా, టంకం పొగ వాసనతో, స్పిరిట్ వాసనతో ఉండేది. కిటికీలు లేవు. బయట ఎండో వానో అన్నానికి లేచినప్పుడే తెలిసేది.

కార్డుని గుచ్చగానే కంప్యూటర్ ముందు దాన్ని గుర్తు పడుతుంది. ఉత్తుత్తి గంట మోగిస్తుంది. ఎత్తుతుంది. పెట్టేస్తుంది. చివర్లో ఒక గొంతు వినిపిస్తుంది. బయటికి వెళ్ళిన గొంతు మళ్ళీ అదే కార్డులోకి వచ్చి పడేటట్టు కేబుల్‌ని మడిచి పెట్టి ఉంటుంది. వెళ్ళినదీ వచ్చినదీ ఒకటే అయితే తెర మీద పచ్చగా పాస్. ఏ మాత్రం తేడా వచ్చినా ఎర్రగా ఫెయిల్.

ఒక్కో కార్డులో ముప్ఫై రెండు లైన్లు. వాటిలో ముప్ఫై మాటలకి. ఒకటి గడియారంలా మిగతావాటి లయ తప్పకుండా చూస్తుంది. పదహారోది వట్టి కబుర్లు మోసేది: ఎవరు మోగించారు, ఎవరు ఎత్తారు, ఎవరు పెట్టేశారు. దాంట్లో గొంతు ఉండదు. ఉండటానికి వీల్లేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

బల్ల మీద పాసైన కార్డులన్నీ వేడిగదికి వెళ్తాయి. రెండు రోజులు ఆ వేడిలో ఆగకుండా అదే పరీక్ష. "చచ్చేవి కొన్నవాడి ఇంట్లో కాదు, మన చేతిలోనే చావాలి" అనేవాడు మా ఇంజనీరు ప్రమోత్. మనుషుల విషయంలో కూడా ఆయనది అదే పద్ధతి.

ఆ వానాకాలం ముందు కోప్ పంటకాలవలో పడింది. చేలోవాళ్ళు చూసి లాగారు కాబట్టి దక్కింది. కానీ ఆ రోజు నుంచి నిద్రలో ఉలిక్కిపడేది. మా అవ్వ ఖంపెంగ్ చూసి, పిల్ల ఖ్వన్ బెదిరి కాలవ దగ్గరే ఆగిపోయిందంది. ఖ్వన్ అంటే ఒంటిని అంటిపెట్టుకుని ఉండే ప్రాణం లాంటిది. మనిషికి ముప్ఫై రెండు ఖ్వన్లు. కంటికి, చెవికి, చేతికి, కాలికి... ఒక్కోచోట ఒక్కోటి. ఏ ఒక్కటి బెదిరి లేచిపోయినా మనిషి మనిషిలా ఉండడు. అవ్వ చేపల చేతివల తీసుకుని, అందులో ఉడికించిన గుడ్డూ, బంక అన్నం ముద్దా పెట్టి, కాలవ గట్టున నిలబడి పిలిచింది. అడవిలో ఉంటే రా, నీళ్ళలో ఉంటే రా, పొద్దు వాలకముందే రా అని రాగం తీసి, పిల్ల పూర్తి పేరు పెట్టి పిలిచింది. వలతో గాలిని తోడి ఇంటికి తెచ్చి, పిల్ల మణికట్టుకీ నా మణికట్టుకీ తెల్లదారం కట్టింది. కోప్ ఆ సాయంత్రమే లేచి ఆడుకుంది.

అవ్వ రాగమంటే బుప్ఫాకి ఇష్టం. ఆ రోజు తన టేపురికార్డరు పట్టుకొచ్చి ఆ పిలుపంతా క్యాసెట్టులో పట్టుకుంది. ఎవరూ వద్దనలేదు.

కొన్నాళ్ళకి కొనేవాళ్ళ నుంచి ఫిర్యాదొచ్చింది. మా భాషలో ఒక మాటని ఎత్తి పలికితే ఒక అర్థం, దించి పలికితే ఇంకో అర్థం. మా కార్డులో పడితే ఆ ఎత్తుపల్లాలన్నీ చదునైపోతున్నాయట. అప్పటిదాకా పరీక్షకి వాడిన గొంతు ఎవరో దొరది, అంకెలు లెక్కపెడుతూ పోతుంది. దాంతో మా భాష తప్పులేం తెలుస్తాయి? ఎత్తుపల్లాలున్న పొడుగాటి మన గొంతు ఒకటి తెమ్మని ప్రమోత్ బుప్ఫాకి పురమాయించాడు.

మర్నాడు హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకున్నాను.

అవ్వ గొంతు. నీళ్ళలో ఉంటే రా... పొద్దు వాలకముందే రా... ఆ వెనకే నా పిల్ల పూర్తి పేరు.

"ఏం పెట్టావే ఇందులో?"

"మీ అవ్వని. ప్రమోత్ అంతటివాడు విని తలూపాడు. ఆవిడకి కూడా జీతమడగనా?"

"అది ఖ్వన్‌ని పిలిచే పిలుపే. నా పిల్ల పేరుంది అందులో."

"ఉంటే ఏం? తిట్టడం లేదుగా, రమ్మంటోంది. కార్డులకి కూడా కాస్త దీవెన తగలనీ."

ప్రమోత్ దగ్గరికి వెళ్ళాను. ఆయన నేను చెప్పేది వినలేదు. నా మణికట్టు వంక చూశాడు. బల్ల మీది తీగలు కత్తిరించే పటకారు తీసి దారాన్ని టక్కున తుంచాడు.

"నూలుపోగులు రాలతాయని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? నీ ఖ్వన్ పారిపోకుండా కంపెనీ నల్లపట్టీ ఇచ్చిందిగా, అది కట్టుకో చాలు."

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా బుప్ఫా.

ఆ రోజు నుంచి వేడిగదిలో అదే గొంతు. వందల కార్డులు, ఒక్కోదానికి ముప్ఫై లైన్లు. కాలవ గట్టున పిలిచినప్పుడు అవ్వకి ఒకటే నోరు. ఆ గదిలో వేల నోళ్ళు. పగలూ రాత్రీ ఆగకుండా, ఎదురుగా ఏ ఒళ్ళూ లేకుండా, నా పిల్ల పేరు పెట్టి రమ్మంటూ...

కోప్‌తో నాకొక ఆట ఉండేది. పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, ఎవరే నువ్వు అనేదాన్ని. కప్పని, అనేది. కప్ప ఎక్కడుంటుంది? అమ్మ ఒళ్ళో, అంటూ గెంతేది. ఆ వారం ఒకరోజు గుమ్మంలోంచి అడిగితే పలకలేదు. రోడ్డు వైపు తిరిగి కూర్చుని ఉంది. అన్నం ముద్ద బుగ్గలోనే ఉంది, నమలటం లేదు. చెయ్యి పట్టుకుంటే మంచుముక్క.

"అమ్మా... అవ్వలు పిలుస్తున్నారు," అంది, నా వైపు చూడకుండానే.

"ఏ అవ్వ?"

"చాలామంది అవ్వలు."

మర్నాటికి ఆ మాటలు కూడా లేవు. కళ్ళు తెరుచుకునే ఉండేవి. ఈగ వాలినా రెప్ప కొట్టేది కాదు. డాక్టరు చూసి జ్వరం లేదన్నాడు, సూది వేశాడు. అవ్వ పిల్ల గుండె మీద చెవి పెట్టి చాలాసేపు విని, నన్ను బయటికి తీసుకెళ్ళింది.

"ఎవరో నా గొంతుతో పిలుస్తున్నారే దీన్ని."

ఫ్యాక్టరీ సంగతి చెప్పాను. అవ్వ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"పిలిచినవాళ్ళు ఒళ్ళు చూపించాలి. ఇదిగో నీ చోటు, కూర్చో అనాలి. ఊరికే పిలుస్తుంటే పిల్ల ఖ్వనూ వెళ్తుంది, దిక్కులేక తిరిగే ఆత్మలూ వెళ్తాయి. ఇన్నాళ్ళూ విని విని అవన్నీ ఆ పేరు తమదే అనుకుంటుంటాయి." వల తెచ్చి నా చేతిలో పెట్టింది. "నన్ను గేటు దాటనివ్వరు. నువ్వే తేవాలి. పొద్దు వాలేవేళ వెళ్ళు. ముందు ఆ పిలుపు ఆపు. తర్వాత ముద్దుపేరుతోనే పిలువు. పూర్తి పేరు అక్కడ నీ నోట రాకూడదు. వస్తే పిల్ల ఒక్కతే రాదు."

మర్నాడు పనికి వెళ్ళేసరికి బుప్ఫా నవ్వటం లేదు. వేడిగదిలో కార్డులు వరసగా ఎర్రబడుతున్నాయి. వెళ్ళిన గొంతు కన్నా వచ్చిన గొంతు పొడుగ్గా ఉందంటోంది కంప్యూటర్. పిలుపు అయిపోయిన తర్వాత కూడా ఏదో వస్తోంది. కేబుల్ మార్చారు, కార్డులు మార్చారు, అదే వరస. తప్పంతా క్యాసెట్టుదేనని ప్రమోత్ బుప్ఫాని అందరి ముందూ కడిగేశాడు. సరుకు రేపు లారీ ఎక్కాలి, గొంతు మార్చి మళ్ళీ మొదలుపెట్టే టైము లేదు, పరీక్ష ఆపినవాళ్ళు ఇంటికి పోవచ్చు అన్నాడు.

బుప్ఫా నా వైపు వంగి గుసగుసగా అంది.

"అక్కా... ఒక్కసారి పదహారు విను."

"పదహారులో గొంతుండదు."

"తెలుసు. విను."

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం వట్టిది కాదు. కొత్తవాళ్ళ ఇంట్లో గుమ్మం లోపల నిలబడి, ఎవరైనా మాట్లాడిస్తారేమోనని చూసేవాళ్ళ నిశ్శబ్దం. తర్వాత నీళ్ళు నిండిన గొంతులోంచి వచ్చినట్టు...

"వచ్చాను... ఎక్కడ కూర్చోను?"

హెడ్‌ఫోన్ లాగి పారేశాను. బుప్ఫా ఏడుస్తోంది. ఏడ్చి లాభం లేదని, సాయంత్రం నాకు సాయం చెయ్యమని చెప్పాను. ఉద్యోగం పోతుందక్కా అంది. నా పిల్ల పోతోందే అన్నాను.

పొద్దు వాలేవేళ ఒక షిఫ్టు వాళ్ళు వెళ్ళి ఇంకో షిఫ్టు వాళ్ళు వచ్చేలోపు గదులు కాసేపు ఖాళీగా ఉంటాయి. వల గౌను లోపల దాచుకున్నాను. గుడ్డూ అన్నం ముద్దా జేబులో. పైన రేకుల మీద వాన. బుప్ఫా బయట కంప్యూటర్ దగ్గర కూర్చుంది. నేను వేడిగది తలుపు తోశాను.

లోపలి గాలి ముఖానికి తడిగుడ్డలా తగిలింది. వేడి ప్లాస్టిక్ వాసన. దాని కింద ఇంకో వాసన... కాలవ బురద వాసన. ఆ గదిలో చుక్క నీరు ఉండదు. ఇనప అరల నిండా కార్డులు, వాటి మీద పచ్చటి, ఎర్రటి చిన్న దీపాలు. అర చివర కొక్కేనికి హెడ్‌ఫోన్, దాని పక్కన ఏ లైను వినాలో తిప్పుకునే మీట. కొక్కేనికి వేలాడుతున్న ఆ హెడ్‌ఫోన్లలోంచే సన్నగా, ఈగల ముసురులా, అవ్వ రాగం.

"ఆపెయ్," అన్నాను తలుపు సందులోంచి.

రాగం ఆగింది. ఒకేసారి, అన్ని అరల్లోనూ.

కానీ దీపాలు ఆరలేదు. ఒక్క లైను కూడా తెగలేదు. అటువైపు ఎవరో ఫోను పెట్టేయకుండా పట్టుకుని ఉన్నట్టు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని మీట తిప్పాను. మొదటి లైనులో ఊపిరి. రెండో దాంట్లో ముసలి దగ్గు, అవ్వది కాదు. తర్వాతి దాంట్లో తడికాళ్ళు నడుస్తున్న చప్పుడు. ఒక దాంట్లో ఎవరో నా పిల్ల పూర్తి పేరు నేర్చుకుంటున్నారు. ఒక్కో అక్షరం... కూడబలుక్కుని... తప్పు పోయి... మళ్ళీ మొదటి నుంచి...

"కోప్," అన్నాను.

ఊపిరులన్నీ ఆగిపోయాయి. వింటున్నాయి.

"కోప్... ఎవరే నువ్వు?"

ఏమీ లేదు. మీట పదహారు మీదికి వచ్చింది. నేను తిప్పానో, అదే తిరిగిందో.

"అమ్మా." కోప్ గొంతే. అచ్చం కోప్ గొంతే. "నా పూర్తి పేరు పెట్టి పిలువమ్మా. వస్తాను."

నోటిదాకా వచ్చింది ఆ పేరు. పళ్ళ మధ్య నాలుక కొరుక్కున్నాను. నెత్తురు ఉప్పగా తగిలింది. కోప్‌కి తనకో పూర్తి పేరు ఉందనే తెలియదు. మూడేళ్ళ పిల్ల... ఇంట్లో ఎవరూ దాన్ని అలా పిలవరు.

మీట తిప్పాను. ఇంకో లైను. ఇంకోటి. ఎక్కడో చివర్లో, నిద్రలో ముక్కినట్టు...

"ఊఁ."

"ఎవరే నువ్వు?"

చాలాసేపటికి, "కప్పని."

"కప్ప ఎక్కడుంటుంది?"

"అమ్మ ఒళ్ళో."

వల చాచాను. ఆ అర ముందు గాలిని ఒక్క తోడు తోడాను. సరిగ్గా అప్పుడే, మీట ముట్టుకోకుండానే, హెడ్‌ఫోన్ చెవి మీద లేకుండానే, పదహారో లైనులోంచి అదే గొంతు, అదే ముద్దుతో...

"అమ్మ ఒళ్ళో."

అది కూడా నేర్చుకుంది.

వల బరువెక్కింది. తడిసిన పసిపిల్లంత బరువు. రెండు చేతులా గుండెకి హత్తుకుని పరిగెత్తాను. బుప్ఫా ఏదో అడిగింది, వినలేదు. మా వాళ్ళలో వల పట్టుకున్నవాళ్ళు వెనక్కి తిరగకూడదు. తిరగలేదు. వానలో, చేల గట్ల మీద, ఇంటిదాకా నా చెప్పుల్లేని కాళ్ళ చప్పుడు వినిపించింది. దాని వెనకే, కాస్త ఆలస్యంగా, అవే కాళ్ళ చప్పుడు మళ్ళీ వినిపించింది. వెళ్ళిన గొంతు తిరిగొచ్చినట్టు.

అవ్వ వలని కోప్ తల మీద దించింది. గుడ్డు పిల్ల అరచేతిలో పెట్టి దారం కట్టింది. కోప్ రెప్ప కొట్టింది. బుగ్గలో ఉన్న పాత మెతుకు ఊసేసి, ఆకలేస్తోందమ్మా అంది. నేను నేల మీద కూలబడి ఏడ్చాను.

అన్నీ వచ్చాయో లేదో తెలియటానికి మా అవ్వలు బియ్యపు గింజలు చిటికెడు తీసి జతలుగా పేరుస్తారు. జతలన్నీ సరిపోతే ముప్ఫై రెండూ చేరినట్టు. అవ్వ పేర్చింది. చెరిపి మళ్ళీ తీసి పేర్చింది. మూడోసారి కూడా చివర్లో ఒక గింజ విడిగా మిగిలింది.

"తక్కువొచ్చిందా?" అన్నాను.

అవ్వ ఆ గింజ వంకే చూస్తోంది.

"తక్కువ రాలేదే."

"అయితే ఎక్కువొచ్చినదాన్ని పంపెయ్."

"ఏది దీనిదో, ఏది కాదో నాకు తెలియటం లేదు. రెండూ అమ్మ ఒళ్ళోకే వచ్చాయి." గింజలన్నీ కొంగులో మూట కట్టింది. "పూర్తి పేరు పెట్టి పిలవనంతకాలం అది పడుకునే ఉంటుంది. పిలిచిన రోజు ఎవరు లేస్తారో ఎవరు చూడొచ్చారు?"

నేను మళ్ళీ ఆ ఫ్యాక్టరీ గడప తొక్కలేదు. ఆ రాత్రి షిఫ్టులో కార్డులన్నీ పచ్చబడ్డాయట. ఒక్కటీ ఫెయిల్ కాలేదట. ప్రమోత్ సంతోషించాడట. లారీ ఎక్కి, ఓడ ఎక్కి, ఏ దేశాలకి వెళ్ళాయో తెలియదు. మీరు ఎక్కడికైనా ఫోను చేసినప్పుడు, కాసేపు ఆగండి అని గొంతు చెప్పి ఏమీ వినిపించకుండా పోతుంది చూశారూ... ఆ నిశ్శబ్దం వట్టిది కాదనిపిస్తే వెంటనే పెట్టేయండి. ఎందుకని అడగొద్దు.

కోప్‌ని ఎత్తుకుని, మీ నాన్న చెయ్యి పట్టుకుని ఇంత దూరం వచ్చాను. దూరం చాలనుకున్నాను. ఇక్కడ బడికి, ఆఫీసుకి, బస్సు పాసుకి కూడా పూర్తి పేరు కావాలి. రాసిస్తే రాసిచ్చాను గానీ పిలవనివ్వలేదు. మీ అక్క పట్టా రోజుకి కూడా నెల ముందే ఉత్తరం రాసి, కోప్ అని మాత్రమే పిలవమని కోరాను. అలాగేనని జవాబిచ్చారు.

మొన్న ఆ హాల్లో మీరు నా పక్కనే ఉన్నారు. మీకు గుర్తుందో లేదో, అక్కడి కుర్చీలు మడతవి. కూర్చుంటే కిందికి వాలతాయి, లేస్తే టప్పుమని పైకి పోతాయి. బరువు లేకుండా కింద నిలవవు. మీ అక్క పక్క కుర్చీ ఖాళీ. అందులో ఎవరూ లేరు. అయినా అది కిందికి వాలి ఉంది. విరిగిందేమోలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

మైకులో పిలిచారు. పొరపాటున పూర్తి పేరు. ఒక్క అక్షరం తప్పు పోకుండా.

మీ అక్క లేచింది. కుర్చీ టప్పుమంది. మీరు చప్పట్లు కొడుతున్నారు కాబట్టి మీకు వినపడి ఉండదు. వెంటనే, కాస్త ఆలస్యంగా, పక్క కుర్చీ కూడా టప్పుమంది.

మీ అక్క వేదిక ఎక్కి పట్టా అందుకుని నవ్వింది. కిందికి వచ్చి తన కుర్చీ వాల్చుకుని కూర్చుంది. పక్కది మళ్ళీ వాలలేదు. మనం బయటికి వచ్చేదాకా నిటారుగానే ఉంది. లేచినది ఇద్దరు, వచ్చి కూర్చున్నది ఒక్కరే.

ఇంకేం చెప్పను? మీ అక్కని చూసి భయపడకండి, అది మీ అక్కే. రాత్రి అన్నం తిన్నాక అది నా ఒళ్ళో తల పెట్టుకుంటే నేను ఇప్పటికీ కాదనను. రేపు మీకు పిల్లలు పుడితే కప్పనో, చీమనో, పిట్టనో పేరు పెట్టండి. ఈ కథ వాళ్ళకి చెప్పండి, వాళ్ళ పిల్లలకీ చెప్పమనండి. మీ అక్క పూర్తి పేరు మాత్రం చెప్పకండి. ఇంకొక్క మాట కూడా చెప్పమనండి. ఫోనులో ఎవరైనా, ఎంత తెలిసిన గొంతయినా సరే, ఎక్కడ కూర్చోను అని అడిగితే... చోటు చూపించొద్దని.